కొలత తప్పిందా? ముందు ఆఫ్‌సెట్ జోలికి వెళ్లకండి!

పొద్దున తొమ్మిదింటికి తీసిన జాబ్ కొలత సరిగ్గా ఉంది. పదకొండింటికి తీసింది కాస్త తగ్గింది. టీ తాగొచ్చాక తీసింది పెరిగింది. మెషీన్ అదే, ప్రోగ్రామ్ అదే, టూలు అదే, ఉక్కు కడ్డీ అదే. ముందు నిలబడ్డ మనిషీ అతనే. మరి కొలత ఎందుకు మారినట్టు?

సీఎన్‌సీ షాపుల్లో రోజూ ఎదురయ్యే ప్రశ్న ఇది. దీనికి రెండు రకాల జవాబులుంటాయి. ఒకటి, అర నిమిషంలో అయిపోయేది. కంట్రోల్ బోర్డు మీద నాలుగు మీటలు నొక్కి, టూలు ఆఫ్‌సెట్‌ను అటో ఇటో జరపడం. రెండోది, గంట పట్టేది. తేడా ఎక్కడ పుట్టిందో వెతకడం. మొదటిదానితో అప్పటికి గండం గడుస్తుంది. రెండోదానితో ఆ గండం మళ్లీ రాకుండా పోతుంది. మంచి సెట్టర్‌కీ మామూలు ఆపరేటర్‌కీ మధ్య ఉన్న దూరం ఇదే.

చెప్పింది చెప్పినట్టు...

సీఎన్‌సీ మెషీన్‌కు సొంత తెలివి ఏమీ లేదు. చెప్పిన చోటికి చెప్పిన వేగంతో టూలును తీసుకెళ్లడమే దాని పని. దీని పుట్టుక కూడా అలాంటి అవసరంలోంచే. అమెరికాలో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టర్ రెక్కలు తయారుచేసేవాడు. రెక్క వంపు సరిగ్గా రావాలంటే ఆ వంపు మీద ఎన్నో బిందువుల్ని లెక్కగట్టి, ఒక్కో బిందువు దగ్గరికి కట్టర్‌ను చేర్చాలి. మనిషి చేత్తో చక్రం తిప్పి ఆ పని చేసే బదులు, అంకెలే మెషీన్‌ను నడిపిస్తే? ఆ ఆలోచనకు అమెరికా వైమానిక దళం డబ్బు పెట్టింది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వాళ్లు 1952లో అంకెలతో నడిచే మిల్లింగ్ మెషీన్‌ను చూపించారు. చిల్లులు పొడిచిన కాగితపు టేపే అప్పట్లో దాని ప్రోగ్రామ్. తర్వాత టేపు పోయి కంప్యూటర్ వచ్చింది. సూత్రం మాత్రం మారలేదు.

చెప్పింది చెప్పినట్టు చేయడంలో ఓ తిరకాసు ఉంది. తప్పు చెప్పినా అలాగే చేస్తుంది. చాలా కంట్రోళ్లలో, సెట్టింగును బట్టి, 'ఎక్స్ 100.' అని చుక్క పెడితే వంద మిల్లీమీటర్లు. ఆ చుక్క మరచిపోతే వంద మైక్రాన్లు, అంటే మిల్లీమీటర్‌లో పదో వంతు. ఒక్క చుక్కతో కొలత వెయ్యో వంతుకు పడిపోతుంది. టూలు ఎక్కడో ఆగాల్సింది నేరుగా తిరుగుతున్న చక్‌లోకి దూసుకుపోవచ్చు. అందుకే కొత్త ప్రోగ్రామ్‌ను మొదటిసారి జాబ్ లేకుండా గాలిలో నడిపించి చూస్తారు. తర్వాత ఒక్కో లైనూ ఆపుకుంటూ, ఫీడ్ మీట మీద చెయ్యి ఉంచుకుని మొదటి పీసు తీస్తారు. ఇదంతా తెలియనివాళ్లకు చాదస్తంలా కనిపిస్తుంది. స్పిండిల్ దెబ్బతిన్న షాపువాళ్లను అడిగితే విలువ తెలుస్తుంది.

వెంట్రుకలో అయిదో వంతు

అసలు ఎంత తేడా వస్తే జాబ్ పోయినట్టు? 25 మిల్లీమీటర్ల షాఫ్ట్ ఒకటి తీసుకోండి. డ్రాయింగ్‌లో 'హెచ్6' అని రాసి ఉంటే దాని వ్యాసం 25.000 నుంచి 24.987 మధ్యలో ఉండాలి. అంటే దొరికే వెసులుబాటు 13 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. దాన్ని అయిదు ముక్కలుగా నిలువునా చీలిస్తే అందులో ఒక ముక్క... అదీ హద్దు. అది దాటితే బేరింగ్ బిగుసుకుపోతుంది, లేదా వదులై కొట్టుకుంటుంది.

హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల షెడ్లలో ఈ హద్దుల్లో పనిచేయడం అలవాటైన చేతులెన్నో ఉన్నాయి. టూల్ డిజైన్ నేర్పడానికి ఐక్యరాజ్య సమితి, అంతర్జాతీయ కార్మిక సంస్థల సాయంతో 1968లో కేంద్ర ప్రభుత్వం సీఐటీడీని పెట్టింది బాలానగర్‌లోనే. ఈ షెడ్లలో చాలావాటికి ఆధారం జాబ్‌వర్క్. లోహం పెద్ద కంపెనీది, కోత కూలి వీళ్లది. అలాంటిచోట పీసు పాడైతే కూలి పోవడంతో సరిపోదు. చాలాసార్లు లోహం ఖరీదు కూడా కట్టివ్వాలి. వంద పీసుల బ్యాచ్ తిరిగొస్తే ఆ నెల లాభం దానితోనే సరి. ఆ వేడి ముందుగా తగిలేది మెషీన్ దగ్గర నిలబడ్డ కుర్రాడికే.

గరాటు, గోళీ కథ

అలాంటి ఓ షెడ్డును ఊహించుకోండి. ఐటీఐ చదివి కొత్తగా చేరిన కుర్రాడు, పాతికేళ్లుగా లేత్ మీద ఉన్న సెట్టర్ దగ్గరికి పరుగెత్తుకొస్తాడు.

"అన్నా, సైజు పోతుందన్నా!"

"ఎటు పోతుంది? పెరుగుతుందా, తగ్గుతుందా?"

"ఒకసారి అటు, ఒకసారి ఇటు..."

"మధ్యల ఏమన్నా ముట్టినవా?"

"ఎక్కువొస్తే ఆఫ్‌సెట్ తగ్గించిన. తక్కువొస్తే పెంచిన."

"ఇగ ముట్టకు. వరసగా అయిదు పీసులు తియ్యి. అయిదూ కొలిచి కాగితం మీద రాయి."

ఆ 'ముట్టకు' అన్న మాటలో పెద్ద శాస్త్రమే ఉంది. నాణ్యత గురించి ప్రపంచానికి పాఠాలు చెప్పిన డబ్ల్యూ. ఎడ్వర్డ్స్ డెమింగ్ దీన్ని గరాటు, గోళీతో చూపించేవాడు. బల్ల మీద ఒక గుర్తు పెట్టి, సరిగ్గా దాని పైన గరాటు నిలబెట్టి, అందులోంచి గోళీ వదలాలి. గోళీ గుర్తు మీదే పడదు. కాస్త అటూ ఇటూ పడుతుంది. గరాటును కదపకుండా యాభైసార్లు వదిలితే గోళీలన్నీ గుర్తు చుట్టూ చిన్న గుంపుగా పడతాయి. అలాకాక, గోళీ ఎడమకు పడ్డప్పుడల్లా గరాటును అంతే కుడికి, కుడికి పడ్డప్పుడల్లా అంతే ఎడమకు జరిపితే? తేడా తగ్గాలి కదా అనిపిస్తుంది. జరిగేది తలకిందులు. గోళీలు ఇంకా దూరదూరంగా చెల్లాచెదురవుతాయి.

పీసుపీసుకీ ఆఫ్‌సెట్ జరిపే ఆపరేటర్ చేస్తున్నది కూడా ఇదే. ప్రతి మెషీన్‌కూ సహజంగా నాలుగైదు మైక్రాన్ల ఊగిసలాట ఉంటుంది అనుకుందాం. ఆ ఊగిసలాటనే తప్పుగా భావించి దిద్దబోతే, లేని తేడాను చేతులారా తెచ్చిపెట్టినట్టవుతుంది. సహజమైన ఊగిసలాట ఏది, నిజమైన మార్పు ఏది అని విడదీయడానికే 1924లో అమెరికాలో వాల్టర్ షెవార్ట్ కంట్రోల్ చార్టును తయారుచేశాడు. గీతల కాగితం మీద ఒక్కో పీసు కొలతనీ చుక్కగా పెట్టుకుంటూ పోవడమే అది. పెద్ద చదువు అక్కర్లేదు. ఒక పెన్సిలూ, ఓపికా ఉంటే చాలు.

ముందు కొలిచే చేతిని చూడండి

పీసు మీద అనుమానం వచ్చినప్పుడు ముందు అనుమానించాల్సింది కొలతనే. మైక్రోమీటర్ సున్నా చూపాల్సిన చోట సున్నా చూపిస్తోందా? కొలిచే ముఖాల మధ్య నూనె, ధూళి ఉన్నాయా? జాబ్ అంచున బర్ మిగిలిందా? ఒకరు మెత్తగా, ఇంకొకరు బిగించి కొలుస్తున్నారా? ఒకే పీసును ఇద్దరు మనుషులు మూడేసిసార్లు కొలిచి, ఎవరి అంకెలు వాళ్లు రాస్తే సగం గుట్టు అక్కడే బయటపడుతుంది. అదే పీసు మీద ఇద్దరి మధ్య ఏడెనిమిది మైక్రాన్ల తేడా ఉందనుకోండి. 13 మైక్రాన్ల హద్దును ఆ కొలతతో కాపాడటం సాధ్యం కాదు. అప్పుడు మెషీన్‌ను తిట్టడం ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే.

రెండో దొంగ వేడి. ప్రపంచమంతా కొలతలకు 20 డిగ్రీల సెల్సియస్‌ను ప్రామాణికంగా ఒప్పుకుంది. రేకుల షెడ్డులో ఏప్రిల్ మధ్యాహ్నం 20 డిగ్రీలంటే నవ్వొస్తుంది. అయినా లెక్క తెలిస్తే చాలావరకు తట్టుకోవచ్చు. మీటరు పొడవున్న ఉక్కు ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 11 నుంచి 12 మైక్రాన్లు పెరుగుతుంది. అల్యూమినియం అయితే దానికి రెట్టింపు, సుమారు 23.

ఇప్పుడు ఆ 25 మిల్లీమీటర్ల షాఫ్ట్‌నే చూడండి. కోత అయిన వెంటనే అది షెడ్డులోని గాలి కన్నా 30 డిగ్రీలు వేడిగా ఉంటే, వ్యాసం తొమ్మిది మైక్రాన్ల దాకా ఉబ్బి ఉంటుంది. వేడిమీద కొలిస్తే 24.992. హద్దులోనే ఉందని ట్రేలో వేస్తారు. అది చల్లారాక 24.983. హద్దు కింద నాలుగు మైక్రాన్లు! షాపులో పాసైన పీసు కంపెనీ ఇన్‌స్పెక్షన్‌లో ఫెయిలవడం వెనక చాలాసార్లు ఉండే మర్మం ఇదే. ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒకరు వేడి షాఫ్ట్‌ను కొలిచారు, ఇంకొకరు చల్లటి షాఫ్ట్‌ను.

పరిష్కారానికి ఏసీ గదే కావాలని లేదు. పీసును కూలెంట్‌లో చల్లార్చి, మైక్రోమీటర్‌తో పాటు ఒకే ఇనుప పలక మీద కాసేపు ఉంచితే రెండూ ఒకే వేడికి వస్తాయి. ఉక్కు జాబ్‌కు ఉక్కు మైక్రోమీటర్ కాబట్టి తేడా దాదాపు రద్దవుతుంది. అల్యూమినియానికి మాత్రం ఈ ఉపాయం పూర్తిగా పారదు. 200 మిల్లీమీటర్ల అల్యూమినియం పలకనూ, కొలిచే ఉక్కు సాధనాన్నీ 35 డిగ్రీల దగ్గర ఉంచినా, ఇద్దరూ పెరిగే తీరు వేరు కాబట్టి దాదాపు 35 మైక్రాన్ల తేడా మిగిలే ఉంటుంది. దాన్ని లెక్కలో కలుపుకోవాల్సిందే.

తేడాకూ ఓ నడక ఉంటుంది

కొలత నమ్మదగ్గదే అని తేలాక, కాగితం మీది అంకెల్ని చూడాలి. అవి నడిచే తీరే సగం జవాబు చెబుతుంది.

తేడా మెల్లగా ఒకే దిక్కుకు నడుస్తోందా? బయటి వ్యాసం పీసు పీసుకీ కాస్త కాస్త పెరుగుతూ, లోపలి బోర్ కాస్త కాస్త తగ్గుతూ వస్తే ఇన్సర్ట్ మొన అరుగుతోందని అర్థం. ఇక్కడ ఆఫ్‌సెట్ జరపడం తప్పు కాదు. అది ఉన్నదే ఇందుకు. ఎన్ని పీసులకు ఎంత అరుగుతుందో కాగితం చెబుతుంది కాబట్టి, ఎన్ని పీసులకోసారి ఎంత జరపాలో, ఎప్పుడు మొన మార్చాలో ముందే నిర్ణయించుకోవచ్చు.

తేడా గడియారాన్ని బట్టి వస్తోందా? పొద్దున ఒకలా, రెండు గంటలు నడిచాక ఒకలా, టీ విరామం తర్వాత మళ్లీ పొద్దుటిలా వస్తే అనుమానించాల్సింది వేడిని. ఈసారి జాబ్ వేడి కాదు, మెషీన్ వేడి. టూలును ముందుకూ వెనక్కూ నడిపే బాల్‌స్క్రూ తిరిగే కొద్దీ వేడెక్కుతుంది. 300 మిల్లీమీటర్ల మేర ఉక్కు స్క్రూ అయిదు డిగ్రీలు వేడెక్కితే దాదాపు 17 మైక్రాన్లు సాగుతుంది. లేత్‌లో టూలు ఒక పక్కనుంచి ఎంత జరిగితే వ్యాసంలో తేడా దానికి రెట్టింపు. అంటే 34 మైక్రాన్లు! ఎటువైపు సాగుతుందో మెషీన్ నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. టీకి ఆపితే చల్లబడి మళ్లీ మొదటికొస్తుంది. దీనికి మందు ఆఫ్‌సెట్ కాదు. పొద్దున మొదటి కోతకు ముందు పదిహేను, ఇరవై నిమిషాలు స్పిండిల్‌నీ, స్లైడ్లనీ ఖాళీగా నడపాలి. విరామంలో మెషీన్‌ను ఆపకుండా మనుషులే వంతులవారీగా టీకి వెళ్లాలి.

తేడా ఒక్కసారిగా గెంతిందా? అయితే ఆ గెంతు ముందు ఏదో జరిగింది. ఇన్సర్ట్ మొన విరిగిందా? కొత్త కడ్డీల కట్ట విప్పారా? చక్ ఒత్తిడి ఎవరైనా మార్చారా? జా మీద లోహపు పొట్టు ఇరుక్కుందా? షిఫ్టు మారిందా? టర్రెట్ దేనికైనా తగిలిందా? 'గెంతుకు ముందు ఏం మారింది' అన్నదొక్కటే ఇక్కడ అడగాల్సిన ప్రశ్న.

తేడా ఒక పద్ధతీ పాడూ లేకుండా అటూ ఇటూ చెదురుతోందా? అయితే ఎక్కడో వదులుంది. ఇన్సర్ట్ స్క్రూ, టూలు కింద ఇరుక్కున్న పొట్టు, టర్రెట్ బిగింపు, స్లైడులో ఆట... ఒక్కోటీ చూడాలి. డయల్ గేజ్‌ను ఆనించి స్లైడును మిల్లీమీటర్‌లో పదో వంతు ముందుకు జరిపి, తిరిగి అంతే వెనక్కి జరపాలి. ముల్లు బయల్దేరిన చోటికే రాకపోతే దొంగ దొరికినట్టే.

ఆకారమే సాక్షి

కొన్ని తేడాలు వేళను బట్టి కాక, చోటును బట్టి వస్తాయి. ఒక పీసునే మూడు చోట్ల కొలిస్తే మూడు అంకెలు. అప్పుడు ఆకారాన్ని చదవాలి.

పొడవాటి షాఫ్ట్‌ను ఒక చివర చక్‌లో పట్టి, రెండో చివర ఊరికే వదిలేసి కోస్తే ఆ వదిలేసిన చివర లావుగా వస్తుంది. టూలు ఒత్తిడికి అది పక్కకు వంగి, కోత తప్పించుకుంటుంది మరి. వ్యాసానికి మూడు నాలుగు రెట్లకు మించి పొడవు బయటికొస్తే టైల్‌స్టాక్ ఆసరా కావాలి. రెండు చివర్లా ఆసరా ఉన్నా నడుమ లావుగా, పీపాలా వస్తే షాఫ్ట్ సన్నగా ఉండి మధ్యలో వంగుతోందని అర్థం. అక్కడ స్టడీ రెస్ట్ పెట్టాలి, లేదా కోత లోతు తగ్గించి మొన పదునుగా ఉన్న ఇన్సర్ట్ వాడాలి. ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకే వాలుగా లావు పెరుగుతూ పోతే టైల్‌స్టాక్ వరస తప్పి ఉండొచ్చు. మూడింటికీ పేరు టేపరే అని చెప్పి ఊరుకుంటే మూడు వేర్వేరు రోగాలకు ఒకే మాత్ర వేసినట్టే.

అన్నిటికన్నా తలనొప్పి పల్చటి రింగులతో. మూడు జాల చక్‌లో గట్టిగా బిగిస్తే రింగు మూడు చోట్ల లోపలికి నొక్కుకుపోతుంది. ఆ స్థితిలో బోర్ కోస్తే చక్‌లో ఉన్నంతసేపూ నిండు గుండ్రం. జాలు వదలగానే రింగు తన ఆకారానికి తను వెళ్లిపోతుంది, బోర్ మాత్రం మూడు మూలల ఆకారానికి మారుతుంది. ఇందులో ఇంకో మాయ ఉంది. ఎదురెదురు రెండు చోట్ల మాత్రమే తాకే బోర్ గేజ్‌తో కొలిస్తే ఎటు తిప్పినా దాదాపు ఒకే అంకె వస్తుంది. ఎందుకంటే మూడు మూలల ఆకారంలో ప్రతి ఉబ్బుకూ ఎదురుగా ఒక నొక్కు ఉంటుంది. ఒకదాన్ని ఒకటి కప్పేస్తుంది. కాగితం మీద పాస్, బిగించేటప్పుడు ఫెయిల్! మూడు చోట్ల తాకే మైక్రోమీటర్‌తో కొలిచి, అరవై డిగ్రీలు తిప్పి మళ్లీ కొలిస్తే అసలు రంగు బయటపడుతుంది. దీనికి విరుగుడు రింగు వ్యాసానికి సరిపడా కోసుకున్న మెత్తటి జాలు. పట్టు చుట్టూ పరుచుకునేలా ఉండాలి. ఆఖరి కోతకు చక్ ఒత్తిడి తగ్గించాలి. ఇక్కడ ఎన్నిసార్లు ఆఫ్‌సెట్ జరిపినా ఆకారం ఇసుమంత కూడా మారదు.

మెషీన్ అరిస్తే...

షాపులో చెవికి కూడా పని ఉంది. కోత సాఫీగా సాగుతున్నప్పుడు ఒక శబ్దం, ఒక్కసారిగా కీచుమని అరిచినప్పుడు ఇంకో శబ్దం. ఆ అరుపునే చాటర్ అంటారు. జాబ్ మీద చేప పొలుసుల్లాంటి గీతలు పడతాయి, ఇన్సర్ట్ మొనలు రాలిపోతాయి. లోహాల కోత మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసిన ఫ్రెడరిక్ టేలర్, 1907లో అచ్చయిన తన పత్రంలో దీన్ని మెషీనిస్టుకు ఎదురయ్యే అత్యంత గహనమైన సమస్యగా లెక్కగట్టాడు. నూరేళ్లు దాటినా అది షాపుల్ని వదల్లేదు.

అరుపు వినగానే చాలామంది చేసేది ఫీడ్ తగ్గించడం. కొన్నిసార్లు దానితో అరుపు ఇంకా పెరుగుతుంది. ఫీడ్ మరీ తక్కువైతే మొన లోహాన్ని కోయక రుద్దుతుంది. ముందు చూడాల్సింది టూలు ఎంత బయటికి పొడుచుకొచ్చి ఉందో. గుండ్రటి కడ్డీ వంగడం దాని పొడవు ఘనాన్ని బట్టి ఉంటుంది. 60 మిల్లీమీటర్లు బయటికున్న బోరింగ్ బార్‌ను 40కి లోపలికి జరిపి బిగిస్తే వంగడం మూడో వంతు కన్నా తగ్గిపోతుంది. బార్ లావు ఇంకా బలంగా పనిచేస్తుంది. 12 మిల్లీమీటర్ల బార్ బదులు 16 వాడితే బిగువు మూడు రెట్లు పెరుగుతుంది. ఉక్కు బార్ అయితే దాని వ్యాసానికి నాలుగు రెట్ల పొడవు వరకు, కార్బైడ్ బార్ అయితే ఆరు రెట్ల వరకు బయటికి ఉంచొచ్చన్నది షాపుల్లో వాడుకలో ఉన్న లెక్క. బోర్ లోతు కన్నా ఒక్క అంగుళం కూడా అనవసరంగా బయట ఉంచకూడదు. అప్పటికీ అరుపు తగ్గకపోతే స్పిండిల్ వేగాన్ని కాస్త పెంచి ఓసారి, తగ్గించి ఓసారి చూడాలి. వేగం మారితే కంపనాల తాళం తప్పి అరుపు ఆగిపోవచ్చు.

ఒకసారికి ఒకటే

ఇన్ని కారణాలుంటే ఎక్కడ మొదలుపెట్టాలి? తేలిగ్గా తేలేదాంతో మొదలుపెట్టాలి. కొలత, శుభ్రత, బిగింపు, టూలు, జాబ్ పట్టిన తీరు... ఆ తర్వాతే ప్రోగ్రామ్, మెషీన్. బాల్‌స్క్రూ విప్పడానికి మెకానిక్‌ను పిలిపించాక, టూలు కింద చిటికెడు పొట్టు దొరికితే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే.

ఇంకొకటి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. కంగారులో ఇన్సర్ట్ మార్చి, వేగం తగ్గించి, చక్ ఒత్తిడి సవరించి, ఆఫ్‌సెట్ జరిపితే... జాబ్ బాగుపడొచ్చు. దేనివల్ల బాగుపడిందో ఎవరికీ తెలియదు. వచ్చే నెల అదే జాబ్ వస్తే మళ్లీ మొదటి నుంచి వెతుకులాటే. ఒకటి మార్చడం, రెండు మూడు పీసులు తీయడం, రాయడం. పని చేయకపోతే ఆ మార్పును వెనక్కి తీసి ఇంకోటి చూడటం. ఆలస్యంలా కనిపించే ఈ దారే దగ్గరి దారి. మెషీన్ పక్కన ఓ నోటు పుస్తకం వేలాడుతూ ఉండాలి. ఏ జాబ్‌కు ఏ తేడా వచ్చింది, ఏం చేస్తే పోయింది అన్నది తేదీతో సహా అందులో ఉంటే, పాతికేళ్ల అనుభవమున్న సెట్టర్ మానేసి వెళ్లిన రోజున కూడా ఆయన తెలివి షాపులోనే మిగులుతుంది.

తప్పెవరిది?

ఇదంతా జరగాలంటే ఒక షరతుంది. తేడా వచ్చిందని కుర్రాడు పరుగెత్తుకొచ్చి చెప్పాలి. 'ఎవడ్రా పాడుచేసింది?' అన్నది యజమాని మొదటి ప్రశ్న అయితే ఎవరూ చెప్పరు. పోయిన పీసుకు జీతంలో కోత పడుతుందంటే అసలే చెప్పరు. హద్దు దాటిన పీసు చప్పుడు చేయకుండా మంచి పీసుల ట్రే అడుగుకు చేరుతుంది. ఆఫ్‌సెట్ ఎప్పుడు జరిపారో, ఎంత జరిపారో నోటు పుస్తకంలోకి ఎక్కదు. కాగితం మీద అంకెలన్నీ ముద్దుగా, హద్దు మధ్యలో నిలబడతాయి. నిజం దొరికే దారి అక్కడితో మూసుకుపోతుంది. ఆ పీసు బయటపడేది కంపెనీ గేటు దగ్గర, లేదా ఇంకా ఘోరంగా, ఎక్కడో పరుగెడుతున్న బండి చక్రం లోపల.

తీరుగా నడిచే షాపుల్లో ప్రతి మెషీన్ దగ్గరా ఓ ఎర్ర డబ్బా ఉంటుంది. హద్దు దాటిన పీసును ఆపరేటరే చేతులారా అందులో వేస్తాడు. చీటీ కడతాడు: ఏ వేళకు తీసింది, ఏ కొలత, అంతకుముందు ఏం మారింది. షిఫ్టు అయ్యాక సూపర్‌వైజర్, సెట్టర్, ఆపరేటర్ ముగ్గురూ ఆ డబ్బా దగ్గర నిలబడి పది నిమిషాలు మాట్లాడుకుంటారు. 'ఎవరు' అన్న మాట ఆ పది నిమిషాల్లో రాకూడదు. 'ఎప్పుడు', 'ఎక్కడ', 'ఎంత', 'అంతకుముందు ఏం మారింది'... ఈ నాలుగే అడగాలి.

ఎర్ర డబ్బా ఎప్పుడూ ఖాళీగా ఉంటే యజమాని సంబరపడాల్సిన పని లేదు. పీసులు పోవడం లేదా, పోయినవి వేరే ట్రేలోకి వెళ్తున్నాయా అన్నది ముందు తేల్చుకోవాలి.